మోచేతి దాకా కిరణం

సమీవుల్లాకు ఈ లోకంలో ఒకే ఒక్క భయం ఉంది. అది కిరణం. పామంటే భయం లేదు, కరెంటు తీగను ఒట్టి చేత్తో పట్టుకుంటాడు. పెళ్లాం ఖాజాబీ అన్నా భయం లేదని ఆమె ఊళ్లో లేనప్పుడు చెప్పుకుంటాడు. కానీ ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్ల పక్కన ఆయనకొక రేకుల షెడ్డుంది. ఆ షెడ్డులో ఒక స్టీలు పెట్టె, ఆ పెట్టెలో ఒక నీలి దీపం, ఆ దీపంలో కంటికి కనబడని కిరణం ఉన్నాయి. ఆ కిరణం పెట్టె సందుల్లోంచి కారి మనుషుల చేతుల్లోకి దూరుతుందని ఆయన నమ్మకం. అందుకే మోచేతుల దాకా నారింజ రంగు రబ్బరు గ్లౌజులు, కళ్లకు నల్లద్దాలు వేసుకుంటాడు. షెడ్డులో పనిచేసేవాళ్లంతా వేసుకోవాల్సిందే.

షెడ్డులో వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆయన ఆ గ్లౌజులతోనే టీకొట్టుకు పోతాడు, వాటితోనే బస్సెక్కి కమ్మీ పట్టుకుంటాడు. కోయిలకుంట్లలో ఖాజాబీ చెల్లెలి కూతురి నిఖా అయితే కొత్త షేర్వానీ వేసుకుని, కింద ఆ గ్లౌజులు తొడుక్కుని వెళ్లాడు. పెళ్లికొడుకు చేయి కలపడానికి చాచి, మధ్యలో ఆపి, పెద్దవాడు కదా అని కలిపి, తర్వాత మెల్లగా రుమాలుకు తుడుచుకున్నాడు. ఫోటోల్లో అందరికంటే ముందు కనిపించేది పెళ్లికూతురు కాదు, ఆ నారింజ చేతులు. పెళ్లికొడుకు తరఫు ముసలామె ఒకరు ఖాజాబీని పక్కకు పిలిచి, మీ ఆయన తేనెపట్టు తీయడానికి వచ్చాడా అని అడిగిందట.

ఆ రోజు తిరుగు బస్సులో ఖాజాబీ భర్తను నిలదీసింది.

"షెడ్డు దాటినాక గూడా ఏందయ్యా ఈ ఏషం?"

"కిరణం ఒంట్లో తడి మాదిరి ఉంటాది ఖాజా. అది ఆరే దాకా తీయకూడదు."

"ఎప్పుడు ఆరతాది?"

"ఆరేలోపల మళ్లా షెడ్డుకు పోవాల్సొస్తాంది గదా."

ఈ సంగతి మర్నాడు ఖాజాబీయే షెడ్డులో చెబుతుంటే, పక్కన క్యారెట్లు కోస్తున్న శ్రీలక్ష్మి కత్తి కింద పెట్టి మరీ నవ్వింది. లూదియా నవ్వలేదు. ఆమె నవ్వినా బయటికి వినిపించదు. పనిచేసేవాళ్లలో ఆమె అందరికంటే చిన్నది, అందరికంటే తక్కువ మాట్లాడేది, అందరికంటే ఎక్కువ చూసేది. అంత భయస్థుడైన సమీవుల్లా తన అన్నం క్యారియరును మాత్రం రోజూ ఆ కిరణం పెట్టె మీదనే ఎందుకు పెడతాడో ఆమెకు అర్థమయ్యేది కాదు. ఆయన చేసే పనుల్లో అర్థమయ్యేవి తక్కువే కాబట్టి దాన్ని కూడా వాటిలో కలిపేసుకుంది.

సమీవుల్లా అంతకుముందు ఆళ్లగడ్డలో నీళ్ల ఫిల్టర్లు బాగుచేసేవాడు. ఫిల్టరు లోపల సన్నటి గొట్టంలాంటి దీపం ఉంటుంది, అది నీళ్లలోని పురుగును చంపుతుంది. ఒకనాడు ఖాజాబీ పొద్దున కోసి పెట్టిన బీన్సు సాయంత్రానికి జిగురు పట్టడం చూసి, నీళ్లలో పురుగును చంపేది బీన్సు మీది పురుగును చంపదా అనుకున్నాడు. నంద్యాల పోయి, అడిగి, నేర్చుకుని, పెట్టె తెచ్చుకున్నాడు. దొర్నిపాడు వైపు నుంచి తెల్లవారకముందే కూరగాయలు వస్తాయి. కడిగి, కోసి, నీళ్లు వంచి, జల్లెడ పళ్లేల్లో ఒకదాని మీద ఒకటి పడకుండా పరచి పెట్టెలోకి తోస్తారు. నీడ పడిన చోట కిరణం పనిచేయదు కనుక ఒకసారి తిప్పి మళ్లీ తోస్తారు. అట్లా చేసిన ముక్కలు చల్లగా ఉంచితే మూడు నాలుగు రోజులైనా నిన్న కోసినట్టే ఉంటాయి. సంచుల్లో కట్టి ఆటోలో నంద్యాల మెస్సులకు, హోటళ్లకు పంపుతారు.

పని అంతే. కష్టమంతా ఆ గ్లౌజులతోనే. వేసవిలో ఆళ్లగడ్డ రేకుల షెడ్డులో మోచేతి దాకా రబ్బరు తొడుక్కుని కూర్చోవడం అంటే చేతుల్ని కుండలో పెట్టి ఉడికించడమే. మధ్యాహ్నం శ్రీలక్ష్మి వాటిని విప్పి తలకిందులు చేస్తే చెమట చెంబులోంచి వంచినట్టు కారేది. సన్నవి తెద్దాం, అందరూ వాడే తెల్లటివి తెద్దాం అని ఆమె ఎన్నోసార్లు మొత్తుకుంది. సన్నవాటిలోంచి కిరణం సూదిలాగా దూరుతుందని సమీవుల్లా జవాబు. పైగా ఒక కథ చెప్పేవాడు. ఎక్కడో ఒకాయన గ్లౌజులు లేకుండా ఈ పని చేస్తే గోళ్లు నీలంగా మెరవడం మొదలైందట. చీకట్లో చేయి ఎత్తితే వీధంతా వెలుతురేనట. చివరికి భార్య తట్టుకోలేక పుట్టింటికి పోయిందట.

"వెలుతురుకు ఎవురన్నా పుట్టింటికి పోతారాన్నా?" అంది శ్రీలక్ష్మి.

"నిద్ర పట్టొద్దా మరి?" అన్నాడు సమీవుల్లా.

లూదియాకు మాత్రం ఆ గ్లౌజులంటే ప్రాణం. ఆమె రెండు చేతుల మీదా బొల్లి మచ్చలున్నాయి. మణికట్టు దాటి మోచేయి దగ్గరి దాకా, పాలు ఒలికినట్టు తెల్లగా ఉంటాయి. తొమ్మిదో తరగతిలో ఉండగా అవి వేళ్ల మీదికి దిగాయి. బెంచీలో పక్కన కూర్చునే పిల్ల వెనక బెంచీకి పోయింది, ఆ తర్వాతి పిల్ల కిటికీ దగ్గరకు పోయింది. ఎవరూ ఆమెను బడి మానమనలేదు. ఒక బెంచీ మొత్తం ఒక్కదానికే అయ్యాక ఆమే మానేసింది. తర్వాత టిఫిను సెంటరులో పని అడిగితే రేపు రమ్మన్నారు, చీరల కొట్టులో అడిగితే రేపు రమ్మన్నారు. రేపు వెళితే యజమాని లేడని చెప్పించారు.

ఈ షెడ్డులోనూ మొదటి రోజు అంతే అయింది. చున్నీలో చేతులు చుట్టుకుని నిలబడితే, ఒక బీట్‌రూటు కోసి చూపించమన్నాడు సమీవుల్లా. చేతులు బయటికి తీయక తప్పలేదు. శ్రీలక్ష్మి కళ్లు దించుకుంది. సమీవుల్లా బీట్‌రూటు ముక్కల్ని ఎత్తి వెలుతురులో చూసి, బాగుందని, గ్లౌజులన్నీ కడిగి ఆరేశామని, రేపు రమ్మని చెప్పాడు. ఆ 'రేపు' లూదియాకు బాగా తెలిసినదే. తల్లి పోరు పడలేక మర్నాడు వెళ్లింది. గుమ్మంలోనే ఆయన నల్లద్దాలు పెట్టుకుని, నారింజ చేతులు నడుముకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. లోపల అందరి చేతులూ నారింజ రంగే. గోడ మేకుకు ఆమె జత వేలాడుతోంది.

"తొడుక్కో పాపా. ఇది కిరణముండే తావు. ఈడ ఎవురూ తీసేది లేదు, ఎవురివీ చూసేది లేదు."

ఈ మనిషిని ఇంత పిరికివాడిగా పుట్టించినందుకు లూదియా ఆ ఆదివారం చర్చిలో దేవునికి స్తోత్రం చెప్పుకుంది. అప్పటినుంచి ఆమె కూడా గ్లౌజులతోనే ఇంటికి నడిచిపోయేది. వీధిలోవాళ్లు చూసి నవ్వేవాళ్లు, కానీ ఆ నవ్వు ఆమెను చూసి కాదు. "అదో, కిరణం సాయెబు మనిషి" అని నవ్వేవాళ్లు.

పిరికితనం వల్ల వచ్చిన మేలు పిరికితనంతోనే పోయేట్టు అయింది. సమీవుల్లా కిరణం కథలు టీకొట్టులో ఆగలేదు. ఆటో ఎక్కి, కూరగాయల సంచుల కంటే ముందే నంద్యాల చేరాయి. ఆళ్లగడ్డ క్యారెట్లలో కరెంటుందని ఒక హోటలువాళ్లు మానుకున్నారు. ఒక కాలేజీ మెస్సులో పిల్లలు దీపాలన్నీ ఆర్పి, సాంబారులో ముక్కలు మెరుస్తున్నాయా అని గిన్నెలోకి తొంగి చూశారట. మెరవలేదని నిరాశపడి మరీ ఫిర్యాదు చేశారట. అక్కడా ఆగిపోయింది. కోసిన బీన్సు మిగిలిపోతే ఖాజాబీ ఇంటికి తీసుకుపోయి వండేది. బీన్సు వేపుడు, బీన్సు పులుసు, బీన్సు పలావు. చివరికి సమీవుల్లా క్యారియరు మూత తీయకుండానే వాసన చూసి మళ్లీ పెట్టె మీద పెట్టేసేవాడు.

శ్రీలక్ష్మి బట్టల కొట్టులో పని మాట్లాడుకుంటున్నానని మెల్లగా చెప్పింది. మరి నువ్వు అని లూదియాను అడగబోయి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం లూదియాకు వినిపించింది. ఆమెకు ఇంకో కొట్టు లేదు. ఈ షెడ్డు మూతపడితే మళ్లీ చున్నీ, మళ్లీ ఇల్లు, మళ్లీ అందరూ పడుకున్నాక నీళ్లకు పోవడం. పొద్దున లేవగానే ఆమెకు వచ్చే మొదటి ఆలోచన, ఈ రోజుతో అయిపోతుందని. రాత్రి పడుకునేటప్పుడు, అయిపోకపోతే రేపు అయిపోతుందని.

చివరికి మిగిలింది అరుణకుమారి ఒక్కరే. నంద్యాలలో ఆడపిల్లల హాస్టళ్లకు భోజనాలు పంపే మనిషి, మాట కత్తిపీట. ఆమె మానుకుంటే షెడ్డుకు తాళమే. ఆమె ఫోను వచ్చినప్పుడు సమీవుల్లా గ్లౌజు వేలితో ఎంత నొక్కినా తెర కదలకపోతే ఖాజాబీ లాక్కుని స్పీకరు పెట్టింది.

"సమీవుల్లన్నా, నేను శుక్రవారం వస్తాండా. అందరూ ఒంటింట్లో తొడుక్కునే సన్న గ్లౌజులతో ఉండాల. లోపల చెయ్యి కనపడాల. నీ చేతులకే ఇంత భయముంటే దాన్ని పిల్లోల్ల కడుపుల్లోకి నేనెట్ల పంపేది?"

"గ్లౌజులు తప్ప ఏమన్నా అడగమ్మా."

"నాకు వేరేది ఏమీ వద్దు. అవి తీస్తే సరుకు తీసుకుంటా, లేకుంటే లేదు."

"అయితే నీ ఇష్టమమ్మా" అన్నాడు సమీవుల్లా, చాలా మర్యాదగా.

ఫోను పెట్టేశాక ఖాజాబీ అన్న మాటలు పక్క షెడ్డులో శిల్పాలు చెక్కేవాళ్లు కూడా ఉలి ఆపి విన్నారు. గ్లౌజుల కోసం అన్నం కుండ పగలగొట్టుకునే మనిషిని తాను ఈ జిల్లాలో చూడలేదంది. సమీవుల్లా పళ్లేలు తుడుస్తూ, కిరణంతో ఆటలొద్దు ఖాజా, అని మాత్రం అన్నాడు. లూదియా మూలన కూర్చుని వంకాయ ముచికలు తీస్తోంది. గ్లౌజులు ఉంటే షెడ్డు పోతుంది. గ్లౌజులు తీస్తే తాను పోతుంది. దేవుణ్ణి ఏమని అడుక్కోవాలో కూడా ఆమెకు తోచలేదు.

గురువారం పెట్టెలో దీపం మార్చడానికి కర్నూలు నుంచి కంపెనీ మనిషి అజయ్ కుమార్ వచ్చాడు. సమీవుల్లా బజారుకు పోయి ఉన్నాడు. వచ్చినవాడు గ్లౌజులు లేకుండా, అద్దాలు లేకుండా పాత గొట్టం తీసి కొత్తది బిగించి, పెట్టెకు మోచేయి ఆనించి టీ తాగుతున్నాడు. మూతకున్న చిన్న అద్దం వెనక దీపం వెలుగుతోంది. లూదియా చూసింది, ఇంకాసేపు చూసింది. పరాయి మగవాడితో తనంతట తాను మాట్లాడటం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదలు.

"అన్నా, కిరణం?"

"ఏం కిరణం?"

"కారతాది గదా."

అజయ్ కుమార్ టీ గ్లాసు పెట్టి మూత పైకి లేపాడు. దీపం టప్పున ఆరిపోయింది. మూశాడు, వెలిగింది. లేపాడు, ఆరిపోయింది. తర్వాత సంచిలోంచి చిన్న మీటరు తీసి పెట్టె చుట్టూ తిప్పాడు. ముల్లు కదల్లేదు.

"మూత లేస్తే ఆరిపోతాది, మూసింటే ఆవగింజంత గూడా బయటికి రాదమ్మా. ఈ పెట్టెకు గ్లౌజులెందుకు? మీ సాయెబుకు బిగించిన దినమే చెప్పినా. ఆయనే మీటరు తీసుకోని అంతా తిప్పి చూసుకునె. మళ్లా నేనొచ్చినప్పుడు గూడా ఈడ ఎవురికీ ఇవి లేవే. ఎప్పటినుంచీ ఈ చోద్యం?"

ఎప్పటినుంచో లూదియాకు తెలియదు. ఆమె వచ్చేసరికే ఉన్నాయి. కడిగి ఆరేశామని ఆయన చెప్పాడు. అజయ్ కుమార్ వెళ్లిపోయాక ఆమె ఖాజాబీ పక్కన కూర్చుని, నేను మొదట వచ్చిన రోజు గ్లౌజులు ఎక్కడ ఆరేశారక్కా అని అడిగింది. ఖాజాబీ ఉల్లిగడ్డ పొట్టు తీస్తూ, తల ఎత్తలేదు.

"యాడివి ఆరేసేకి? ఉంటే గదా. నువ్వు అట్ల పోతానే సాయంత్రం బస్సెక్కి నంద్యాల పోయినాడు. అంగడంగడి తిరిగి, లోపల చెయ్యి కనపడనివి ఏరుకోని తెచ్చినాడు. ఎందుకయ్యా అంటే కిరణమనె. అంతకుముందు మధ్యాహ్నమైతే ఆ పెట్టె మీద తలపెట్టి గురకపెడతాండె. నాకేం తెలీదనుకుంటాండాడు పిచ్చోడు."

లూదియా చాలాసేపు ఆ పెట్టె మీది క్యారియరును చూస్తూ కూర్చుంది. షేర్వానీ కింద నారింజ చేతులు, బస్సు కమ్మీ, టీకొట్టు, వీధిలో నవ్వు అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ నవ్వు ఎవరికి తగలాల్సింది, ఎవరు అడ్డం నిలబడి తగిలించుకున్నారు. అంతకంటే ఎక్కువ ఆలోచిస్తే ఏడుపొస్తుందని, లేచి పళ్లేలు కడిగింది.

శుక్రవారం అరుణకుమారి వచ్చింది. గుమ్మంలో నల్లద్దాలు, నారింజ చేతులు చూడగానే చెప్పులు కూడా విప్పకుండా అక్కడే ఆగిపోయింది. సమీవుల్లా గోళ్లు మెరిసిన మనిషి కథ మొదలుపెట్టాడు. ఆమె వినలేదు.

"తీస్తావా, పోవాల్నా?"

"ఆ మనిషి భార్య గూడా ఇట్లే అడిగిందంటమ్మా, అడిగి..."

అరుణకుమారి వెనక్కి తిరిగింది. అప్పుడు లూదియా లేచి నిలబడి, ఎడమచేతి గ్లౌజు పట్టి లాగింది. చెమటకు అతుక్కుని అది రాలేదు. పళ్లతో పట్టి లాగింది. ఒకటి వచ్చింది, రెండోది వచ్చింది. తెల్లమచ్చల చేతులు రెండూ తీసుకుపోయి దీపం వెలుగుతున్న ఆ పెట్టె మీద పెట్టింది.

"కిరణం బయటికి రాదమ్మా. ఇది బొల్లి. నాకు చిన్నప్పటినుంచీ ఉండాది. ఎవురికీ అంటేది కాదు. దీన్ని ఎవురూ చూడకూడదనే ఈయప్ప అందరికీ గ్లౌజులు తొడిగించినాడు."

ఆమె అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఆ షెడ్డు ఎప్పుడూ వినలేదు. సమీవుల్లా గాబరాపడ్డాడు.

"తొడుక్కో పాపా. నీకు తెలీదు. కిరణం..."

"మీరు గూడా తీయండన్నా."

ఆయన అందరివైపూ చూశాడు. ఖాజాబీ ఉల్లిగడ్డల వైపు చూస్తోంది. ఇక దారిలేక నల్లద్దాలు తీశాడు, గ్లౌజులు తీశాడు. మోచేతుల పైన ఆళ్లగడ్డ ఎండకు కమిలిన నల్లటి చర్మం. మోచేతుల కింద ఇన్నాళ్లూ సూర్యుణ్ణి చూడక, చెమటలో నానినాని, పొట్టు తీసిన అలసందల్లా పాలిపోయి ముడతలు పడిన రెండు చేతులు. గీత గీసినట్టు రెండు రంగులు. పెట్టె మీద ఉన్న లూదియా చేతుల పక్కన పెడితే ఏవి ఎవరివో చెప్పడం కష్టం.

అరుణకుమారి ఆయన చేతుల్ని చూసింది, లూదియా చేతుల్ని చూసింది, మళ్లీ ఆయన చేతుల్ని చూసింది.

"నీకెప్పుడొచ్చిందప్పా?"

ఖాజాబీ చేతిలో ఉల్లిగడ్డ జారిపోయింది. ఆమె అట్లా పడిపడి నవ్వగలదని పెళ్లైనప్పటినుంచీ సమీవుల్లాకే తెలియదు. శ్రీలక్ష్మి గోడకు ఆనుకుని నవ్వింది. నవ్వకుండా ఉన్నది అరుణకుమారి ఒక్కతే. ఆమె చెప్పులు విప్పి లోపలికొచ్చి, పళ్లెంలోంచి ఒక బీన్సు ముక్క తీసి కొరికి, ఎవరు కోశారని అడిగింది. నేనే అంది లూదియా, పనిపోయినట్టే అనుకుంటూ.

"అన్నీ ఇంతే ఉండాల, ఒకటి పెద్దది ఒకటి చిన్నది కాకుండ. క్యారెట్టు ఇంకా సన్నంగ కోయాల. సోమవారం నుంచి సరుకు పంపీండి. సన్న గ్లౌజులు తొడుక్కోండి, చేతులెట్లున్నా నాకేం." పోతూపోతూ గుమ్మంలో ఆగి సమీవుల్లాతో అంది, "నువ్వు మాత్రం ఆ కథలు చెప్పేది మానుకో నాయనా."

ఆ సాయంత్రమే నారింజ గ్లౌజులు గోడ మేకుకు ఎక్కాయి. శ్రీలక్ష్మి బట్టల కొట్టు మాట మళ్లీ ఎత్తలేదు. శనివారం పొద్దున సరుకు దింపించుకున్నాక సమీవుల్లా అందరికీ టీ ఇప్పిస్తానని టీకొట్టుకు బయలుదేరాడు. ఒట్టి చేతులతో ఎట్లా నడవాలో మరిచిపోయినట్టు వాటిని కాస్త దూరంగా పట్టుకుని నడిచాడు. లూదియా వెనకే, చున్నీ భుజాన వేసుకుని.

టీకొట్టాయన పాలిపోయిన ఆ చేతులు చూసి గరిటె ఆపాడు. ఏమైందని అడిగాడు. ఆ తర్వాత ఆయన చూపు లూదియా చేతుల మీదికి జారింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లందరి చూపూ దాని వెంటే జారింది. లూదియా చేయి చున్నీ కొస వైపు పోబోయింది. ఆలోపే సమీవుల్లా తన రెండు చేతులూ పైకెత్తి అందరి ముఖాల ముందూ తిప్పాడు.

"కిరణం. చెప్తే వింటిరా మీరు? నాకు బాగా కొట్టింది, పాపకు కొంచెమే తగిలింది."

అయిపోయింది, ఈ మాట సాయంత్రానికి నంద్యాల చేరుతుంది, సోమవారానికి సరుకు ఆగిపోతుంది అనుకుంది లూదియా. ఈ మనిషిని బాగుచేయడం దేవుడివల్ల కూడా కాదు. ఆమె ముందుకు వచ్చి, బల్ల మీది గ్లాసును తన తెల్లమచ్చల వేళ్లతో అందరి ఎదుటా ఎత్తి పట్టుకుంది.

"కిరణమూ లేదు, ఏమీ లేదన్నా. నాది బొల్లి. ఆయనది ఉత్త పిచ్చి."

బెంచీ మొత్తం గొల్లుమంది. టీకొట్టాయన ఆమె గ్లాసులో ఇంకో గరిటె పోశాడు. సమీవుల్లా బాగా నొచ్చుకున్నవాడిలా ముఖం పెట్టి, ఆ పాలిపోయిన చేత్తో మీసం దువ్వుకుంటూ, పక్కవాడి చెవిలో మెల్లగా అన్నాడు.

"తలకు గూడా ఎక్కినట్టుంది కిరణం. ఇంతకుముందు ఈ పాపకు మాటే రాకుండె."